కాకెంగిలి అంగీ

మొన్న మంగళవారం ఉదయం పదకొండు గంటల ఇరవై నిమిషాలకు మా ఇంట్లో ఇంటర్నెట్ పోయింది. సమయం ఇంత కచ్చితంగా చెప్పగలగడానికి కారణం నా జ్ఞాపకశక్తి కాదు. సరిగ్గా అప్పుడే నా మేనకోడలు స్వాతి తన గదిలోంచి "పదకొండు ఇరవై! పదకొండున్నరకు నా డెమో! ఇప్పుడే పోవాల్నా ఇది?" అని కేకపెట్టింది. వెళ్లి చూస్తే ఆమె ల్యాప్‌టాప్ తెరమీద మేనేజరు నోరు సగం తెరిచి, దేన్నో కొరకబోతున్న మనిషిలా ఆగిపోయి ఉన్నాడు. "ఇగ సాయంత్రందాక నా పానం కొరుక్క తింటరు అత్తా," అంటూ స్వాతి ల్యాప్‌టాప్ చంకలో పెట్టుకుని, ఫోన్ సిగ్నల్ బాగా అందే బాల్కనీలోకి పరుగెత్తింది.

పానం కొరుక్క తినడమనే మాట మా ఇంట్లో వినబడి ఏడు నెలలైంది. అంతకుముందు అరవై ఏళ్లకు పైగా ఆ మాట ఒక్క మనిషి సొంతం. మా అన్న యాదగిరి, స్వాతి తండ్రి. నాకంటే రెండేళ్లు పెద్ద. చిన్నప్పుడు అతన్ని మా అమ్మ ఆ మాట అన్నది, తర్వాత మా వదిన అన్నది, అతను మెకానిక్‌గా పనిచేసిన బస్సు డిపోలో పైవాళ్లు కూడా అనే ఉంటారు. నేను ఒక కాలేజీ లైబ్రరీలో పనిచేసి రిటైరైనదాన్ని. పెళ్లి చేసుకోలేదు. అన్న జబ్బుపడ్డప్పుడు వదినకు సాయంగా ఉందామని నానక్‌రామ్‌గూడలోని ఈ ఫ్లాటుకు వచ్చి, అన్న పోయాక కూడా ఇక్కడే ఉండిపోయాను. పదకొండో అంతస్తు. దిక్కు ప్రకారం చూస్తే మేము పుట్టిన ఇల్లు వంటింటి కిటికీలోంచి కనబడాలి. అక్కడ ఇప్పుడు ఏదో ఆఫీసు వెనకభాగం, వరసగా పెట్టిన జనరేటర్లు కనబడతాయి.

అన్న అన్నీ కొరికేవాడు. పలక చుట్టూ ఉండే కొయ్య చట్రాన్ని నాలుగు మూలలా కొరికాడు. పెన్సిల్‌ను వెనకనుంచి కొరికి కొరికి, చెక్కంతా పోయి నల్లటి గింజ బయటపడ్డాక, "సూడు, రెండు దిక్కుల రాయొచ్చు," అని నాకు చూపించాడు. అంగీ కాలరు కొసలు, గొంగడి అంచు, బర్రెను కట్టే పలుపు, అన్నీ అతని పళ్ల కిందికి వచ్చినవే. మా నాయిన పొద్దున్నే వాకిట్లో కూర్చుని వేపపుల్లతో పళ్లు తోముకునేవాడు. పక్కనే కూర్చుని అన్న వేపపుల్లను తినేవాడు. ఇంట్లో ఎలుకలు ఎక్కువయ్యాయని, ఎలుకల బోను తెప్పించాలని అమ్మ ఒకరోజు అంటే మా నాయినమ్మ, "బోను తెస్తే మీవోడే ముందుగాల పడతడు, పిల్లా," అంది. బడిలో లెక్కల సారు విసుగొచ్చి, నీకు లెక్కలు కొరకరాని కొయ్యరా అన్నాడట. అన్న ఇంటికి గర్వంగా వచ్చాడు. "సారు చెప్పిండే అమ్మా, నేను కొరకలేనిది ఒక్క లెక్కలేనట. తక్కినయన్ని కొరుకుతనట."

మాటలను కూడా అతను అలాగే పళ్లతో పట్టుకునేవాడు. బాయి దగ్గర ఆడవాళ్లిద్దరు చెవులు కొరుక్కుంటున్నారని అమ్మ ఎవరితోనో అంటుంటే విని, చూడాలని అంత దూరం పరుగెత్తాడు. వాళ్లు ఊరికే దగ్గరగా నిలబడి మాట్లాడుకుంటున్నారు. నిరాశపడి తిరిగొచ్చి, అసలు ఎట్లుంటుందో తెలుసుకోవాలని నా కుడిచెవి కొరికాడు. ఆ రోజు నేను ఏడ్చిన ఏడుపు కంటే, అతను నాయినమ్మకు చెప్పిన సంజాయిషీ బాగా గుర్తుంది. "నేను గట్టిగ కొరకలె నాయినమ్మా. ముచ్చట చెప్పేటంతనే కొరికిన."

పెద్దవాడయ్యాక ఆ అలవాటు కళ్లజోడు కాడ మీదికి మళ్లింది. చివరి కళ్లజోడు ఇప్పటికీ టీవీ కింద సొరుగులో ఉంది, కుడికాడ కొస నలిగిపోయి. వదిన దాన్ని తీయదు, నేను తీయను. ఖాజాగూడ వైపు గుట్టలను యంత్రాలు ఒక్కొక్కటే కొరకడం మొదలైనప్పుడు నాకు చూడబుద్ధి కాలేదు. మేము సీతాఫలాలకు ఎక్కిన గుట్టలవి. అన్న మాత్రం డ్యూటీ దిగి వస్తూ రోడ్డుపక్క ఆగి చాలాసేపు చూసేవాడు. "నా అసుంటిదేనే అది. కాకపోతే దానికి అమ్మ లేదు, వద్దని చెప్పెటందుకు," అన్నాడు ఒకసారి.

ఇక నేను అసలు చెప్పవలసింది చెబుతాను. చివరి వారం అన్న దవాఖానలో ఉన్నాడు. రక్తం బాగా పలచబడి చిగుళ్లలోంచి కారుతుండేది. గట్టివేవీ పెట్టొద్దని, ఇంకొకరి నోరు తగిలినవి అసలే వద్దని డాక్టరమ్మ చెప్పింది. నేను చదువుకున్నదాన్ని కనుక ఆ నియమాలకు కాపలా నాకు అప్పజెప్పారు. చూడటానికి వచ్చినవాళ్లెవరో పల్లీలూ బెల్లంపాకం కలిపి చేసిన పల్లిపట్టి పొట్లం ఒకటి బల్లమీద వదిలి వెళ్లారు. అన్న దానివైపు చాలాసేపు చూశాడు.

"అండీ," అన్నాడు, నన్ను ఇంట్లో పిలిచే పేరుతో. "జర ఒక్క ముక్క కొరికియ్యవే."

"డాక్టరమ్మ వద్దన్నది గదనే."

"గుడ్డ మీదికెళ్లి కొరికియ్యి. కాకెంగిలి."

పక్కనున్న నర్సు నవ్వింది. నేను నవ్వలేదు. "సిన్న పిలగానివా నువ్వు?" అని పొట్లం తీసి సంచిలో పెట్టేశాను. అన్న తల అటు తిప్పుకుని, "నీకన్న నాయినమ్మే నయం," అన్నాడు. మూడో రోజు మధ్యాహ్నం పోయాడు.

ఇవ్వలేదన్న బాధ ఒకటి ఉంది. దాన్ని నేను పెద్దది చేయను. ఇచ్చి ఉంటే నా నోటి మూలంగానే పోయాడని మరోరకంగా బాధపడేదాన్ని. నన్ను ఏడు నెలలుగా లోపల కొరుకుతున్నది ఆ చివరి మాట. ఎందుకంటే నాయినమ్మ నయం కాదు. ఎంగిలి విషయంలో ఆమెంత కఠినమైన మనిషిని నేను ఇంతవరకు చూడలేదు. ఆమె పేరే ఎందుకు తీశాడు? వెటకారమా, కోపమా? అడుగుదామంటే మనిషి లేడు. ఏ పని చేస్తున్నా ఆ ఐదు నిమిషాలు గుర్తొచ్చి చేతిలో పని ఆగిపోయేది.

ఇంటర్నెట్ మనిషి ఒంటిగంటకు వచ్చాడు. పేరు శ్రీను. నలభై దాటినవాడు, కళ్లజోడును దారంతో మెడకు కట్టుకున్నాడు. గోదావరి వైపు నుంచి వచ్చి పదేళ్లయిందట. నా పేరు అండాలు, అదే ఇంట్లో అండి అయింది. కోస్తా మనుషులు మాట మాటకూ చివర 'అండి' అంటే నాకు ఇప్పటికీ ఎవరో పిలిచినట్టు ఉంటుంది. మా ఇంటి పక్కకు తొలిసారి కోస్తా కుటుంబం కిరాయికి దిగినప్పుడు అన్న నన్ను చాలా రోజులు ఏడిపించాడు. "పొద్దటి సంది నిన్నే పిలుస్తున్నరు ఆళ్లు. పలుకవేందే? గర్వమా?" అనేవాడు. శ్రీను తీగ పట్టుకుని గోడవెంట పాకుతూ, హాల్లో మూలనున్న ట్రంకుపెట్టె వెనక్కి తల పెట్టి, టార్చి వేశాడు. నెట్టు డబ్బా ఆ పెట్టెమీదే ఉంటుంది.

"ఎలక బొక్కండి," అన్నాడు లోపలినుంచి.

నేను రెండడుగులు వెనక్కి వేశాను. "ఎలుక బొక్కనా? అంటే లోపల సచ్చిపోయిందా?"

"చచ్చిందో లేదో తెలీదండి. బొక్క మాత్రం పెద్దదే."

"ఎలుక బొక్క ఎంత పెద్దగుంటది నాయనా?"

"నా చెయ్యి పట్టేస్తదండి అందులో."

బాల్కనీలో మీటింగులో ఉన్న స్వాతి మైకు ఆపి పగలబడి నవ్వింది. "అత్తా, ఆయన పొక్క అంటున్నడు. నువ్వు ఎముక అనుకుంటున్నవు."

శ్రీను తల బయటికి తీసి మా ఇద్దరినీ మార్చి మార్చి చూశాడు. "బొక్కంటే మీకు ఎముకాండీ? పదేళ్ల నుంచి ఇంటింటికీ వెళ్లి గోడకి బొక్క పెడతానంటున్నాను. ఒక్కళ్లూ చెప్పలేదండి." పదకొండో అంతస్తుకు ఎలుక ఎట్లా వచ్చిందని అడిగితే, పైపులు పోయే సందులోంచి ముప్పై అంతస్తులైనా ఎక్కుతాయని, లిఫ్టు కోసం ఆగవని చెప్పాడు. తీగను రెండుచోట్ల కొరికింది. పెట్టె అడుగున తుప్పుపట్టిన మూలలోంచి లోపల దూరింది. పెట్టె తెరిస్తే తప్ప లాభం లేదన్నాడు.

ఆ పెట్టె నాయినమ్మది. ఊళ్లో ఇల్లు పోయినప్పుడు అన్న తనవెంట తెచ్చుకున్న వస్తువుల్లో అదొకటి. ఇత్తడి గిన్నెలు, పాతచీరలు ఉన్నాయని మాకు తెలుసు. పైన దుప్పటి కప్పి, దానిమీద నెట్టు డబ్బా పెట్టాక ఎవరమూ తెరవలేదు. వదిన ఆ రోజు మదీనాగూడలో వాళ్ల చెల్లెలి ఇంటికి వెళ్లింది. ఫోన్ చేసి అడిగితే, "తెరువు తియ్, నువ్వే సదురు. ఆ పెట్టె సంగతి మీ ఇంటోళ్లకే తెల్వాలె," అంది.

పెట్టె మూత ఎత్తగానే వచ్చిన వాసన నాయినమ్మ గది వాసన కాదు, ఎలుక వాసన. అయినా నాకు ఆ గదే గుర్తొచ్చింది. నాయినమ్మ గది అంటే గది కాదు, వంటింటికీ బర్రెల కొట్టానికీ మధ్యన ఒక మంచం పట్టేంత చోటు. ఒకవైపునుంచి కుడితి వాసన, ఇంకోవైపునుంచి జొన్నరొట్టె కాలుతున్న వాసన. ఆమెకు నాకు తెలిసినప్పటినుంచీ ఒక్క పన్ను లేదు. రొట్టె చల్లలో నానబెట్టుకుని తినేది. చెంబు పెదవికి తగలకుండా ఎత్తి తాగేది. మేము ఎవరమైనా గ్లాసు మూతికి పెట్టుకుని తాగితే ఆ గ్లాసును బూడిదతో రెండుసార్లు తోమితే తప్ప ముట్టేది కాదు. అన్నం తిన్న చేయి పొరపాటున ఆమె చీరకు తగిలితే చీర మార్చుకునేది. సొంత కొడుకు, మా నాయిన, కల్లు తాగి మిగిల్చిన ముంతను ఆమె కర్రతో పక్కకు జరపడం నేను చూశాను. ఆదివారం మాంసం వండితే అన్న మూలుగ బొక్కను గోడకేసి కొట్టి, పీల్చి, కొరికి, చివరికి తెల్లటి పుల్లలా చేసేవాడు. నాయినమ్మ పూర్తిగా పక్కకు తిరిగి కూర్చునేది. చెవులకు మాత్రం కొంగు కప్పుకునేది కాదు.

ఇంత మనిషికి ఒక్కటే బలహీనత, పల్లిపట్టి. నాయిన వారం వారం అంగడికి వెళ్లి వచ్చేటప్పుడు తప్పకుండా తెచ్చేవాడు. పళ్లు లేని నోరు పల్లిపట్టిని చప్పరించగలదు కానీ నమలలేదు. రోట్లో దంచిస్తానని అమ్మ అనేది. దంచితే పిండి అయితది, పల్లిపట్టి కాదని నాయినమ్మ వాదన. ఆమెకు కావలసింది పళ్ల కింద విరిగిన ముక్కలు, ఒకటి పెద్దది ఒకటి చిన్నది. దానికి పళ్లు కావాలి. ఇంట్లో పళ్లంటే అన్నే. కాని అన్న నోటి ఎంగిలి ఎట్లా తింటుంది? దానికి ఆమె వెతికిన దారి కాకెంగిలి. తినేదాన్ని అంగీ అంచులో పెట్టి, గుడ్డ మీదుగా కొరికితే నోరు తగలదు కనుక అది ఎంగిలి కాదు. పిల్లలందరూ బడిలో చేసేదే. నాయినమ్మ దాన్ని శాస్త్రంగా మార్చింది. అన్నకు పొట్టిదైపోయిన ఒక నీలం చారల అంగీని ఆ ఒక్క పనికే కేటాయించింది. తనే ఉతికేది, తన మంచం పక్క గోడకున్న కొయ్యకు తగిలించేది. ఇంకెవరూ ముట్టకూడదు. మేము దాన్ని కాకెంగిలి అంగీ అనేవాళ్లం.

అంగడి రోజు సాయంత్రం పద్ధతి ఒకటుండేది. నాయినమ్మ అంగీ ఇచ్చేది, పల్లిపట్టి ఇచ్చేది, కొరకడం మాత్రం తన కండ్ల ముందట వద్దనేది. అన్నా నేనూ కొట్టం వెనక్కి వెళ్లేవాళ్లం. నేను సాక్షిని. తిరిగొచ్చాక ఆమె అడిగేది.

"గుడ్డ మీదికెళ్లే కొరికినవార?"

"అవు నాయినమ్మా."

"అండి, నిజమేనా?"

"అవు నాయినమ్మా."

నిజం కాదు. మొదటి కొన్నిసార్లు నిజం. ఆ తర్వాత అన్న, గుడ్డ మీదికెళ్లి కొరికితే సబ్బు వాసన వస్తుందని, పోగులు పంటికి పడుతున్నాయని, నేరుగా నోట్లో పెట్టుకునే కటకట విరిచేవాడు. తర్వాత అంగీ అంచును కాస్త నాలుకతో తడిపి నలిపేవాడు, సాక్ష్యం కోసం. నేను చూస్తూనే ఉండేదాన్ని. నా నోరు మూయించడానికి ఒక ముక్క ఇచ్చేవాడు. ఎప్పుడూ చిన్న ముక్కే. ఒకసారి పెద్దది అడిగితే, "అబద్ధం ఇద్దరం చెప్తున్నం గాని కొరుకుడు నేనొక్కన్నే," అన్నాడు. నాయినమ్మ అంగీ తిరిగి తీసుకుని, అంచంతా బొటనవేలితో తడిమి చూసి, మడిచి పక్కన పెట్టేది. తర్వాత ఒక్కో ముక్కా నోట్లో వేసుకుని కళ్లు మూసుకునేది. ఇంత పట్టింపు మనిషిని ఇంత తేలిగ్గా మోసం చేశామే అని నాకు ఎన్నోసార్లు భయం వేసేది. దేవుడు చూస్తే నాయినమ్మ పుణ్యం మా వల్ల పోతుందని ఒక ఏడాదంతా అనుకున్నాను.

శ్రీను పెట్టెలోంచి గిన్నెలు ఒక్కొక్కటి తీసి ఇస్తుంటే నేను నేలమీద పేర్చాను. పాతచీరలు రెండు ఎలుక ముక్కలు ముక్కలు చేసింది. వాటి అడుగున, ఇంకో చీరపేలికలో చుట్టి, ఒక నీలం చారల అంగీ ఉంది. చారలు వెలిసిపోయాయి. వీపు దగ్గర ఎలుక చేసిన పొక్క, నిజంగానే చేయి పట్టేంత. శ్రీను దాన్ని ఎత్తి పట్టుకుని అంచు చూపించాడు.

"ఇక్కడ కూడా కొరికేసిందండి. ఎవరో కుట్టారు మళ్లీ."

"అది ఎలుక కొరికింది గాదు."

"మరేంటండి?"

"మా అన్న."

శ్రీను అంగీని కిందికి దించి, రెండు చేతులతో మడిచి నాకిచ్చాడు. "కాకెంగిలాండీ? మేమూ చేసేవాళ్లమండి, బెల్లం జీడిలతో. బొక్క మీకు ఎముకైతే అయింది గానీ, ఇది మాత్రం మీకూ మాకూ ఒకటేనండి." అని మళ్లీ తన తీగ దగ్గరికి వెళ్లిపోయాడు. అతను ఇంకేమీ అడగకపోవడం నాకు మేలనిపించింది.

నేను అంగీని కిటికీ దగ్గరికి తీసుకుపోయాను. అంచున కుట్లు ఎర్రదారంతో ఉన్నాయి. ఎర్రదారం ఎందుకంటే నాయినమ్మ కండ్లకు అదొక్కటే కనబడేది. సూదిలో దారం ఎక్కించింది నేను. అన్న పళ్లు గుడ్డను చిల్లు చేసిన ప్రతిసారీ, మర్నాడు ఎండలో కూర్చుని ఆమె ఆ చిల్లు కుట్టేది. చిల్లున్న గుడ్డ మీదుగా కొరికితే ఎంగిలి తగిలినట్టేనని ఆమె లెక్క. పల్లిపట్టి గట్టిది, అన్న పళ్లు ఇంకా గట్టివి. నిజంగా కొరికినప్పుడల్లా ఒక చిల్లు తప్పదు. నేను కుట్లు చూశాను. వేలితో తడిమాను, ఆమె తడిమినట్టే. కుట్టిన చిల్లులు ఏడు ఉన్నాయి.

ఏడు. ఎన్ని అంగడి రోజులు గడిచాయి? మూడేళ్లా, నాలుగేళ్లా? ఏడుసార్లు మాత్రమే గుడ్డ మీదికెళ్లి కొరికాడని, తక్కిన అన్ని వారాలూ మనవడి ఎంగిలి తిన్నానని ఆ ముసలామె బొటనవేలికి తెలుసు. తడిమి చూసేది అందుకే. చిల్లు లేదని తెలిసి, మడిచి పెట్టి, తినేది.

ఆ క్షణాన నాకు ఇంకొకటి గుర్తొచ్చింది. ఇన్నేళ్లూ గుర్తులేనిది. ఒక సాయంత్రం మేము కొట్టం వెనకనుంచి వచ్చాం. అన్నకు ఏమనిపించిందో, ఆమె అడగకముందే నోరు విప్పాడు. "నాయినమ్మా, ఇయ్యాల గుడ్డ..."

"నోర్ముయ్యి. నేనడిగిన్నా?"

ఆమె అంగీ తడిమింది, మడిచింది. అప్పుడు తీరిగ్గా అడిగింది. "గుడ్డ మీదికెళ్లే కొరికినవార?"

"అవు నాయినమ్మా," అన్నాడు అన్న, తల దించుకుని, నవ్వు ఆపుకుంటూ. ఆ నవ్వు భయం తప్పినందుకు అనుకున్నాను అప్పుడు. కాదు. ఆ రోజే అతనికి తెలిసిపోయింది, ఆమెకు తెలుసునని. నాకు చెప్పలేదు. చెబితే నా నోరు మూయించే ముక్క అవసరం ఉండదు కదా, నా ముక్క పోకూడదని, అంతవరకే ఆలోచించి ఉంటాడు. లేదా అది వాళ్లిద్దరిదీ అనుకున్నాడేమో. సాక్షికి చోటు లేని సంగతి.

నీకన్న నాయినమ్మే నయం. అది వెటకారం కాదు, కోపమూ కాదు, ఉన్నమాట. ఆ మాటకు అర్థం నాకు తెలుసని అన్న అనుకున్నాడేమో అని కూడా అనిపించింది. ఎన్నిసార్లు సూదిలో దారం ఎక్కించానో నాకు తెలుసు కనుక, ఎప్పుడో లెక్క కట్టుకునే ఉంటానని. పుస్తకాల మధ్యన బతికిన చెల్లెలు ఆ మాత్రం చదవలేదని అతను అనుకుని ఉండడు.

నేను నన్ను వెనకేసుకు రావడం లేదు. ఒక తేడా మాత్రం రాసి పెడతాను. నాయినమ్మ నియమం నాయినమ్మది. దాన్ని తప్పే హక్కు ఆమెకు ఉంది, తప్పిందని ఒప్పుకోకుండా తప్పే నేర్పు కూడా ఉంది. నాది డాక్టరమ్మ ఇచ్చిన నియమం. దాన్ని నేను ఆమెకంటే గట్టిగా పట్టుకున్నాను. ఇవ్వకపోవడం తప్పని ఇప్పటికీ అనను. కాని పొట్లం సంచిలో పెట్టేసి ముఖం ముడుచుకోనక్కర్లేదు. కొట్టం వెనక్కి వెళ్లినట్టు ఆ తలుపు అవతలికి వెళ్లి, ఒక నిమిషం నిలబడి, తిరిగొచ్చి, "కొరికిన గాని నేనే తిన్న, ఏం చేస్తవు," అని ఉంటే సరిపోయేది. ఎన్నేళ్లుగానో నాకు చిన్న ముక్కలిచ్చినదానికి బదులు తీరేది. నవ్వేవాడు. అంతే కావలసింది అతనికి. పల్లిపట్టి కాదు.

రెండు గంటల పది నిమిషాలకు డబ్బామీద పచ్చదీపాలు వెలిగాయి. శ్రీను తీగను పెట్టె వెనకనుంచి తీసి గోడమీదికి ఎక్కించి, పొక్కలో సిమెంటు కూరాడు. వెళ్తూ గుమ్మం దగ్గర ఆగి, "బొక్క మూసేశానండి. అదే, పొక్క," అన్నాడు. బువ్వ తినిపోమంటే, ఇంకా మూడు టవర్లలో ఎలుకలు తన కోసం చూస్తున్నాయన్నాడు.

స్వాతి బాల్కనీలోంచి వచ్చి నా పక్కన నేలమీద కూలబడింది. డెమో ఎట్లాగో గట్టెక్కిందట. గిన్నెల మధ్యన అంగీ చూసి, ఏంటిదని అడిగింది. చెప్పాను, మొదటినుంచి. తండ్రి పళ్లు పడినచోట ఎర్రకుట్ల మీద వేలు పెట్టుకుని వింది. చివరన కళ్లు తుడుచుకుని ఒక ప్రశ్న వేసింది.

"అంటే గుడ్డను మొత్తం నోట్లె పెట్టుకుంటరా అత్తా? వేసుకున్న షర్టును? అది ఇంకా గలీజ్ గాదా?"

ఆ అనుమానం మా ఊళ్లో ఏ ఒక్కరికీ ఎందుకు రాలేదో నాకిప్పటికీ తెలియదు.

ఆమె చేతిలో ఏదో ప్రోటీన్ కడ్డీ ఉంది. పల్లీలూ బెల్లమే, పైన కాగితం మాత్రం మెరుస్తుంది. సగం తిన్నది. కొరికినచోట పళ్ల గుర్తులు వరసగా, అన్న పళ్లలాగే కొంచెం ఎడంగా. "ఇగో తిను, పొద్దటి సంది ఏం తినలె నువ్వు," అని అట్లాగే నా చేతిలో పెట్టి, మళ్లీ మీటింగుందని లేచిపోయింది. ఎంగిలి అన్న ఆలోచనే ఆమెకు రాలేదు. వాళ్ల ఆఫీసులో నలుగురు ఒకే సీసా నీళ్లు తాగుతారు, ఒకే పళ్లెంలో తింటారు. దాచవలసింది, అడగవలసింది, అబద్ధం చెప్పవలసింది ఏమీ లేదు. అది మంచిదే. నా ఎడమవైపు పన్నుకు తొడుగు ఉంది, గట్టివి కొరకొద్దని పళ్ల డాక్టరు చెప్పాడు. కుడివైపున పెట్టుకుని కొరికి తిన్నాను. అంగీని ఉతికి, ఎలుక చేసిన పొక్కను అట్లాగే వదిలేసి, మడిచి, కళ్లజోడున్న సొరుగులో పెట్టాను.

మా ఇంట్లో ఇప్పుడు ఎవరూ గుడ్డ మీదుగా కొరికి ఇవ్వరు.